దూరదర్శినికి కంటికడ అద్దము

మన పెద్దలు చెప్పిన న్యాయములలో స్థూలారుంధతీ న్యాయ మొకటి. క్రొత్త పెండ్లికూతురునకు అరుంధతిని చూపవలసినపుడు పురోహితుడు ఆ సన్నని చుక్కను ఒక్కసారిగా చూపడు. మొదట సప్తర్షి మండలమును, అనగా మన పల్లెలలో గొంతెమ్మ మంచ మనెడి చుక్కల గుంపును చూపును. తరువాత దాని తోకలో నడిమి చుక్కయైన వసిష్ఠుని చూపును. ఆ వెనుక వాని ప్రక్కనున్న అరుంధతిని చూపును. పెద్దదానిని పట్టుకొని చిన్నదానికడకు పోవలెనని దీని తాత్పర్యము. ఈ సాయంకాలము నేను మనవి చేయబోవు విషయమునకు ఈ న్యాయమే పునాది.

ఈ కాలమున అనేక గ్రామముల పాఠశాలలలో చిన్న దూరదర్శినులు కానవచ్చుచున్నవి. కొన్నిచోట్ల ఊరి పెద్దలే చందాలు వేసుకొని కొనుచున్నారు. కొనబోవువారు నన్ను మొదట అడుగు ప్రశ్న యొకటే: "మాస్టరుగారూ, ఇది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపును?" ఆ ప్రశ్నయందే దోషమున్నది. ఆ దోషమును నేనును చేసితిని. కావుననే దానిని గూర్చి మాటలాడుటకు నాకు కొంత అధికారము కలదని అనుకొనుచున్నాను.

ఉద్యోగము విరమించిన పిమ్మట నేనొక చిన్న దూరదర్శినిని కొంటిని. దాని ముందరి అద్దము 60 మిల్లీమీటర్ల వెడల్పు గలది. పెట్టెమీద 525 రెట్లు చూపునని పెద్ద అక్షరములతో అచ్చువేసిరి. ఆ అంకెను చూచియే నేను రూకలు చెల్లించితిని. మా మేనమామగారు మా ఊరిలోనే యుండెడివారు. ఎనుబదియేండ్లు దాటినవారు. చేతివ్రాతతో పంచాంగ గణితము చేసినవారు. వారికి శనిగ్రహమును, దాని చుట్టునున్న వలయమును చూపవలెనని నా కోరిక. మా యింటి డాబామీద పది పండ్రెండుగురు చేరిరి. ఎక్కువ రెట్లు చూపు అద్దమునే గొట్టమునకు తగిలించి, ఎంతో శ్రమపడి శనిని పట్టుకొని, వారిని పిలిచితిని. వారు వంగి చూచి, చాలసేపటికి లేచి, "ఏమోయి, నీళ్లమీద నూనెబొట్టులాగ ఊగుతున్నది. ఇదేనా మన శని?" అనిరి. నేను చూచితిని. వారన్నమాట నిజమే. మసకగానున్న బూడిదరంగు బొట్టొకటి ఇటునటు కదలుచుండెను. అంతలో అది గడప దాటిపోయినట్లు అద్దములోనుండి జారిపోయెను. చేరినవారిలో ఒక పెద్దమనిషి, "వలయములు పుస్తకములలోనే కాబోలు" అని నవ్వుచు మెట్లు దిగిపోయెను.

ఆ నవ్వు నన్ను బాధించినంతగా ఆ డబ్బు నష్టము బాధింపలేదు. పెట్టెమీద అచ్చువేసిన అబద్ధమునకు ఆకాశము పూచీ వహింపవలసివచ్చెను. ఆ పెద్దమనిషి తప్పేమియు లేదు. కంటితో చూపెదనని పిలిచి కంటికి కనబడనిదానిని చూపినవానిని ఎవరు నమ్ముదురు? అప్పటినుండి కంటికడ అద్దముల చరిత్రను చదువ నారంభించితిని. దానిని మీముందుంచుచున్నాను.

దూరదర్శినిలో ముఖ్యముగా రెండు భాగములు. మొదటిది ముందరనుండు పెద్ద కటకము, లేక అడుగుననుండు దర్పణము. దానిపని వెలుతురును చేర్చి ఒక చిన్న బింబమును కల్పించుట. రెండవది కంటికడ అద్దము. శాస్త్రజ్ఞులు దీనిని అక్షికటక మందురు. దీనిపని మీరు ఇంటిలోనే గ్రహింపవచ్చును. పగటిపూట గదిలో కిటికీకి ఎదుటి గోడకడ భూతద్దమును పట్టుకొనుడు. కొంచెము ముందువెనుకలు జరుపగా, కిటికీయు, బయటి చెట్టును గోడమీద తలక్రిందుగా చిన్న బొమ్మయై పడును. దూరదర్శినిలోని పెద్ద కటకము చేయునది ఇంతే. ఆ చిన్న బొమ్మను మరియొక భూతద్దముతో దగ్గరనుండి చూచుటయే కంటికడ అద్దము చేయు పని. కావున ముందరి కటకము బొమ్మలో వ్రాయని రేఖను వెనుకటి అద్దము చూపజాలదు. వార్తాపత్రికలోని బొమ్మను భూతద్దముతో చూచినచో మనిషి ముఖము స్పష్టముకాదు, సిరాచుక్కలు మాత్రమే పెద్దవగును. నా శనికి పట్టిన గతి అదియే.

ఈ విద్యకు తల్లి మన ముక్కుమీది కళ్లజోడే. నలుబదియేండ్లు దాటినవారికి చత్వారము వచ్చును. వారు పెట్టుకొను అద్దము నడుమ లావుగానుండును. దూరపువస్తువులు కానరాని బాలురు పెట్టుకొను అద్దము నడుమ పలుచగానుండును. ఈ రెండు విధముల అద్దములను ఒకదాని వెనుక నొకటి నిలిపినపుడు దూరపువస్తువు దగ్గరకు వచ్చినట్లు కనబడును. 1608వ సంవత్సరమున హాలెండు దేశములో మిడిల్‌బర్గు పట్టణపు కళ్లజోళ్ల పనివాడు హాన్స్ లిప్పర్‌షే అనువాడు ఈ పరికరమునకు ప్రత్యేకాధికారమును కోరుచు ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనెను.

మరుసటి యేడు ఇటలీలో గెలీలియో ఈ వార్త విని తానే అద్దములు అరగదీసి సుమారు ఇరువది రెట్లు చూపు గొట్టమును చేసికొనెను. 1610 జనవరి 7వ తేదీ మొదలుకొని బృహస్పతిని చూచి, వాని ఉపగ్రహములను కనిపెట్టెను. మన కంటికి ఆరేడు చుక్కలుగా కనబడు కృత్తికలలో మరి ముప్పదికి పైబడిన చుక్కలను చూచి బొమ్మవ్రాసెను. ఆయన గొట్టములో కంటికడనున్నది బాలుర అద్దము, అనగా నడుమ పలుచనిది. దానివలన బొమ్మ తిన్నగా కనబడునుగాని, కనబడు మేర మిక్కిలి ఇరుకు. పూర్ణచంద్రుడు ఒకేసారి పట్టడు. సగము వెడల్పు మాత్రమే పట్టును. సూదిబెజ్జములోనుండి సంతను చూచినట్లన్నమాట.

ఆ సంవత్సరముననే గెలీలియో శనిని చూచి, శని ఒక్కడు కాడు, ఇరుప్రక్కల ఇద్దరు సేవకులతోగూడిన మూడు గోళముల సమూహమని తలచెను. 1612లో మరల చూచునప్పటికి ఆ ప్రక్కగోళములు మాయమైనవి. ఆయనకు దిక్కుతోచలేదు. వాస్తవమేమన, శని వలయము మనవైపు అంచు త్రిప్పినపుడు అది కాగితపు అంచువలె కనుమరుగగును. పదునాలుగు పదునైదేండ్ల కొకమారు ఇట్లు జరుగును. 2025 మార్చిలోను జరిగినది. గెలీలియో బుద్ధికి లోపము లేదు. ఆయన అద్దము అంతకుమించి చెప్పలేకపోయెను.

1611లో జర్మను దేశీయుడైన కెప్లరు ఒక గ్రంథమున మరియొక మార్గమును సూచించెను. కంటికడ బాలుర అద్దమునకు బదులు చత్వారపు అద్దమును, అనగా నడుమ లావైనదానిని పెట్టవచ్చునని ఆయన చెప్పెను. దీనిలో బొమ్మ తలక్రిందగును. కాని ఆకాశమున తలయేది, క్రిందేది? అందుకు ప్రతిగా కనబడు మేర విశాలమగును. మరియు గొట్టములోపల నిజమైన బింబ మేర్పడును గనుక, ఆ చోట సన్నని దారములను నిలిపి నక్షత్రముల దూరములను కొలువవచ్చును. నేటి ఖగోళ దూరదర్శిను లన్నియు ఈ మార్గమునకు చెందినవే. మీ పాఠశాల గొట్టములో చంద్రుడు తలక్రిందుగా కనబడిన అది గొట్టము చెడిపోయినందువలన కాదని పిల్లలకు చెప్పుడు.

ఐతే కెప్లరు మార్గమునందును ఒక చిక్కు కలదు. ఒంటి కటకము తెల్లని వెలుతురును రంగులుగా చీల్చును. చంద్రుని అంచున నీలము, ఎరుపు కనబడును. ఆ దోషమును తగ్గించుటకు ఆనాటివారు గొట్టములను పొడవుచేయసాగిరి. డాంజిగు పట్టణమున హెవీలియసు అను పండితుడు 150 అడుగుల పొడవుగల దూరదర్శినిని ఓడస్తంభమువంటి గుంజకు వ్రేలాడదీసెను. గాలి వీచినపుడెల్ల అది ఊగిపోవుచుండెను.

ఈ దశలో హాలెండు దేశమున క్రిస్టియాను హైగెన్సు తన అన్నతో కలిసి కటకములను స్వయముగా అరగదీయుచుండెను. 1655 మార్చి 25వ తేదీన ఆయన శనియొక్క పెద్ద ఉపగ్రహమగు టైటనును కనుగొనెను. 1659లో శని చుట్టును ఎక్కడను అంటని పలుచని వలయ మున్నదని లోకమునకు ప్రకటించెను. టైటనును చూపిన ఆ గొట్టము సుమారు 50 రెట్లు మాత్రమే చూపెను. ఆర్యులారా, ఈ అంకెను జ్ఞాపకముంచుకొనుడు. నా పెట్టెమీది అంకె 525. చరిత్రను మార్చిన అంకె 50.

ఆ హైగెన్సే 1662 ప్రాంతమున కంటికడ ఒక కటకమునకు బదులు రెండింటిని, నడుమ తగిన ఎడము విడిచి, అమర్చెను. మొదటిది వెలుతురును లోపలికి మలుపును. రెండవది కంటికి చూపును. రెంటికిని తగిన ఎడమున్నపుడు అంచులయందలి రంగులు చాలవరకు శమించును. తెల్లని వెలుతురులోని రంగుల మర్మమును న్యూటను 1672లో ప్రకటింపక మునుపే ఈ ఏర్పాటు జరిగినది. అరుదైన విషయమేమనగా, మూడు వందల సంవత్సరములు గడచినను ఈ రకపు అద్దములు చిన్న దూరదర్శినులతో వచ్చుచునే యుండెను. పొడవైన గొట్టములకు అవి చాలును. పొట్టి గొట్టములకు చాలవు.

హైగెన్సు అద్దమునకు మరియొక లోపము. బింబము రెండు కటకముల నడుమ ఏర్పడును గనుక కొలతదారములను సరిగా నిలుపుట కష్టము. 1782లో లండను నగరమున ప్రసిద్ధ పరికరశిల్పి జెస్సీ రామ్స్‌డెను రెండు కటకములను ఉబ్బుప్రక్కలు ఒకదానికొకటి ఎదురుగానుండునట్లు అమర్చి, బింబమును వెలుపలికి తెచ్చెను. కొలతలు కొలుచువారికి ఇది వరమయ్యెను. ఈ రామ్స్‌డెను చేసిన ఆకాశపు కొలతల పరికర మొకటి మన దేశమునకును వచ్చినది. 1802లో మదరాసు వద్ద లాంబ్టను దొర ఆరంభించిన మహా భూమి కొలతలో నక్షత్రములనుబట్టి అక్షాంశములను నిర్ణయించుటకు ఆ పరికరమునే వాడిరి.

ఇప్పుడొక కథ చెప్పెదను. కంటికడ అద్దమును మార్చుట యెంతటి విద్యయో దీనివలన తెలియును. ఇంగ్లండులో బాత్ పట్టణమున విలియం హెర్షెలు అను సంగీతపుటుపాధ్యాయు డుండెను. పగలు పాటలు నేర్పుచు, రాత్రులు తానే అరగదీసికొన్న దర్పణములతో ఆకాశమును వెదకుచుండెడివాడు. 1781 మార్చి 13వ తేదీ రాత్రి ఆరంగుళములకు కొంచె మెక్కువ వెడల్పుగల దర్పణముతో మిథునరాశి ప్రాంతమును చూచుచుండగా ఒక చుక్క తక్కినవానికంటె లావుగా తోచెను. అప్పుడు ఆయన కంటికడ నున్న అద్దము 227 రెట్లు చూపునది. ఆయన తొందరపడలేదు. అద్దమును మార్చి 460 రెట్లతో చూచెను. మరల మార్చి 932 రెట్లతో చూచెను. నక్షత్రము ఎంతటి అద్దమునకైనను బిందువుగానే యుండును. ఈ చుక్కయో, అద్దము మారినకొలది దానికి తగినట్లు పెరుగుచు వచ్చెను. కావున ఇది నక్షత్రము కాదని ఆయన తేల్చెను. తోకచుక్కయని మొదట తలచినను, అది శనికి ఆవలనున్న క్రొత్త గ్రహమని తరువాత లోకము గుర్తించెను. దానినే యురేనసు అందుము.

ఈ గ్రహమును అంతకుమునుపు చూచినవారు లేకపోలేదు. ఫ్లాంస్టీడు అను రాజాస్థాన జ్యోతిష్కుడు 1690లోనే చూచి, వృషభరాశిలోని నక్షత్రముగా తన పట్టికలో వ్రాసికొనెను. ఆయనకు బిందువువలె కనబడినది హెర్షెలునకు బింబమైనది. మంచి దర్పణము, చేతిలో తగిన అద్దములు, వానిని మార్చి చూచెడి ఓపిక, ఈ మూడును కలిసినపుడు లోకము ఒక గ్రహముచేత పెద్దదయ్యెను. హెర్షెలు ఆరువేలకు పైబడిన రెట్లుగల అద్దములును తనయొద్ద గలవని చెప్పగా కొందరు నమ్మలేదు. కాని ఆ మహానుభావుడు ఆకాశమును వెదకునపుడు మాత్రము అట్టివానిని వాడలేదు. మొదట తక్కువ, తరువాత ఎక్కువ. ఇది మన అరుంధతీ న్యాయమే కదా!

పందొమ్మిదవ శతాబ్దమున జర్మను, ఆస్ట్రియా దేశములవారు ఈ విద్యను వృద్ధిచేసిరి. 1849లో వెట్జ్‌లారు పట్టణమున కార్ల్ కెల్నరు అను యువకుడు రామ్స్‌డెను అద్దములో కంటివైపు కటకమునకు బదులు రెండు విధముల గాజును అతికిన జంటకటకమును పెట్టి రంగుల దోషమును మరింత తగ్గించెను. ఆతడు 29 ఏండ్లకే మరణించెను. ఆతని కార్ఖానా మాత్రము అనంతరకాలమున లైట్జ్ అను ప్రసిద్ధ సంస్థగా పరిణమించెను. 1860లో వియన్నా నగరమున ప్లూసెలు అను శిల్పి రెండు జంటకటకములను ఎదురెదురుగా కూర్చి నాలుగు గాజుముక్కల అద్దమును చేసెను. నేడు అంగళ్లలో విశేషముగా దొరకు "ప్లూసెల్" రకము ఆయన పేరు గలదే. 1880లో యేనా పట్టణమున ఎర్నెస్ట్ అబ్బే అను గణితజ్ఞుడు మూడు ముక్కలను అతికిన దానికి ఒంటి కటకమును చేర్చి, అంచులు వంగక, సరళరేఖను సరళరేఖగానే చూపు అద్దమును నిర్మించెను. గ్రహములను చూచువారు చిరకాలము దానినే మెచ్చిరి.

ముక్కలు హెచ్చినకొలది మంచిదగునా యని మీరడుగవచ్చును. అక్కడ ప్రకృతి ఒక సుంకము విధించినది. వెలుతురు గాలిలోనుండి గాజులోనికిని, గాజులోనుండి గాలిలోనికిని పోవునపుడెల్ల ఇంచుమించు ఇరువదియైదవ వంతు వెనుకకు మరలిపోవును. నాలుగు ముఖములు గలచోట నూటికి పదునైదు పాళ్లు పోయినట్లే. పైగా మరలిన వెలుతురు దయ్యపునీడవలె అద్దములో తిరుగాడును. అందుచేతనే హెర్షెలు ఎక్కువ రెట్లకు ఒంటి కటకమునే వాడెను. 1935లో జైస్ సంస్థవారి శాస్త్రజ్ఞుడు స్మకూలా గాజుముఖముమీద మిక్కిలి పలుచని పూత పూసి ఆ సుంకమును చాలవరకు తొలగించెను. ఆ పూతవలననే నేటి అద్దములు ఏటవాలుగా చూచినపుడు ఊదాగానో ఆకుపచ్చగానో మెరయును. కొనునపుడు ఈ మెరుపును చూచి కొనుడు. పూత వచ్చిన పిమ్మట ఏడెనిమిది ముక్కల అద్దములు సాధ్యమయ్యెను. 1917లో మొదటి మహాయుద్ధకాలమున ఎర్ఫిలు అనువాడు సైనికుల అవసరమునకై 60 డిగ్రీల మేర చూపు అద్దమును కల్పించెను. చంద్రయాత్రకు వ్యోమగాములను తర్ఫీదు చేయు యంత్రముల దృశ్యభాగములపై పనిచేసిన అమెరికా దేశీయుడు ఆల్ నాగ్లరు 1980 ప్రాంతమున 82 డిగ్రీల అద్దమును విక్రయమునకు తెచ్చెను. దానిలో చూచువానికి గొట్టములో చూచినట్లు గాక కిటికీ తెరచి చూచినట్లుండును. వెల మాత్రము సామాన్యులకు అందదు.

ఈ విద్య మన తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంతధనముతో వేధశాలను నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని కొనసాగించి, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబముమీదుగా నడచుటను ఆరంగుళముల దూరదర్శినితో పరిశీలించిరి. హైదరాబాదులో నవాబు జఫర్ జంగు 1901లో వేధశాలకు పునాదివేసి, గ్రబ్ సంస్థవారు నిర్మించిన 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించిరి. అదియే నిజామియా వేధశాల. అచ్చట ఆకాశమును భాగములుగా పంచుకొని ఫోటోపలకలమీద చిత్రించు అంతర్జాతీయకార్యమున మనవారును పాల్గొనిరి. కాలక్రమమున గొప్ప వేధశాలలలో కంటికి బదులు పలకయు, పిమ్మట విద్యుద్యంత్రమును కూర్చున్నవి. కనుక నేడు కంటికడ అద్దము మనవంటి సామాన్యుల సొత్తు. సొంతకంటితో చూచెడివానికే దానితో పని.

ఇక ఎంపికమాట. ప్రతి అద్దముమీదను మిల్లీమీటర్లలో ఒక అంకె యుండును. అది దాని నాభ్యంతరము. గొట్టము నాభ్యంతరమును ఈ అంకెతో భాగించిన ఎన్ని రెట్లో తెలియును. నా గొట్టమునకు 700. దానిని 4తో భాగించిన 175. దానికి ముమ్మడి చేయు కటకమొకటి తోడుచేసి అంగడివారు 525 అనిరి. లెక్క తప్పుకాదు, దృశ్యమే తప్పు. ఏలయన, ముందరి అద్దము వెడల్పు మిల్లీమీటరు ఒకటికి రెండు రెట్లకు మించి ప్రయోజనము లేదు. 60 మిల్లీమీటర్లకు 120 రెట్లే ఎల్ల. పెద్ద గొట్టములున్నను, వేసవిలో కాగిన డాబామీదను, పొలములమీదను గాలి వణకునపుడు 150, 200 రెట్లు దాటుట దుర్లభము.

కావున మూడు అద్దములు చాలును. ఉదాహరణకు మీ పాఠశాలకు 150 మిల్లీమీటర్ల దర్పణము, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల దూరదర్శిని యున్నదనుకొందము. 25 మిల్లీమీటర్ల అద్దము 48 రెట్లు చూపును. కృత్తికలు, చంద్రుని నిండుబింబము, వెలుతురు మేఘముల వంటి నెబ్యులాలు దీనితో చూడవలెను. 12 మిల్లీమీటర్లది 100 రెట్లు చూపును. గురుని పట్టెలు, శని వలయము దీనికి సొమ్ము. 8 మిల్లీమీటర్లది 150 రెట్లు చూపును. గాలి నిలుకడగానున్న రాత్రులయందే దానిని తీయవలెను. డబ్బు ఒకదానికే చాలినచో, మొదట తక్కువ రెట్లదానినే మంచిదిగా కొనుడు.

పెద్దవారు మరియొకటి గమనింపవలెను. అద్దమునకు, కంటికి నడుమ కొంత ఎడ ముండవలెను. ప్లూసెల్ రకములలో ఆ ఎడము నాభ్యంతరమున మూడుపాళ్లలోపుగా నుండును. 6 మిల్లీమీటర్ల అద్దమునకు కన్ను ఆనించినట్లు పెట్టవలసియుండును. రెప్ప తగిలి మసకబారును. చత్వారము మాత్రమే కలవారు కళ్లజోడు తీసి, గొట్టమును త్రిప్పి దృష్టి కుదుర్చుకొనవచ్చును. దృష్టిలో వంకర గలిగి కళ్లజోడు విడువరానివారు 15 నుండి 20 మిల్లీమీటర్ల ఎడము గల అద్దమును అడిగి కొనవలెను. మరియొక హెచ్చరిక. కొన్ని పెట్టెలలో కంటికడ అద్దమునకు బిగించు నల్లగాజు సూర్యుని చూచుటకని యిత్తురు. దానిని పారవేయుడు. చేరిన ఎండవేడికి అది చిట్లినచో క్షణములో చూపు పోవును. ఏ అద్దముతోను గొట్టములోనుండి సూర్యుని చూడరాదు, పిల్లలను చూడనీయరాదు.

నా కథ ముగించెదను. ఇవన్నియు తెలిసికొని, నా గొట్టమునకు సరిపడునట్టి 25, 10 మిల్లీమీటర్ల అద్దములు రెండు తెప్పించునప్పటికి శని సూర్యునియందు అస్తంగతుడయ్యెను. మేనమామగారి కన్నులలో శుక్లములు ముదిరెను. ఈ రెండింటిలో ఏది ముందు తొలగునో యని నాకు దిగులు. దైవానుగ్రహమున వారి కుడికంటికి శస్త్రచికిత్స జరిగి చూపు వచ్చెను. శనియు తిరిగి వచ్చెను. ఈసారి నేనెవరిని పిలువలేదు. మామయ్యగారిని చేయిపట్టి డాబా ఎక్కించి, మొదట 28 రెట్లతో ఆకాశము చూపితిని. "చుక్కకు చెవులు వచ్చినవిరా" అనిరి. అద్దము మార్చి 70 రెట్లతో చూపితిని. వారు చాలసేపు మాటలాడలేదు. తల యెత్తక, "అరువదేండ్లుగా వీడు ఏ రాశిలో ఉన్నాడో ఊరికి చెప్తున్నాను. వీడు నాకు ముఖం చూపటం ఇదే మొదలు" అనిరి. కొంతసేపటికి, "ఆ నవ్వినాయనను రేపు పిలు" అనిరి.

మరునాడు పిలిచితిని. ఆ పెద్దమనిషి వచ్చి చూచెను, మూడుమారులు చూచెను, మనుమని తీసికొనివచ్చి మరల చూచెను. ఏలినాటి శని యనగానే బెదరు మనము, ఆ శనియొక్క నిజరూపమును ఒక్కసారి చూచుట మంచిది. మీ గ్రామమున గొట్టము కొనునపుడు ఎన్ని రెట్లని అడుగకుడు. ఎంత స్పష్టముగా చూపును, ఎంత మేర చూపును, మా పెద్దల కంటికి ఎంత సుఖముగా చూపునని అడుగుడు. పిల్లలకు మొదట వసిష్ఠుని చూపుడు, తరువాత అరుంధతిని చూపుడు. ఆ వెనుక 50 రెట్ల అద్దముతో వసిష్ఠునే మరల చూపుడు. మన కంటికి ఒంటిగా కనబడు ఆ చుక్క రెండై వెలుగుచుండును.